బోర్డు కొనకముందే మైక్రోకంట్రోలర్లు (పరికరాలను నడిపే చిన్న కంప్యూటర్ చిప్‌లు) నేర్చుకోవాలంటే ఏ సైట్లు చూడాలి?

ప్రశ్న: సీ భాష కొంచెం వచ్చు, ఎలక్ట్రానిక్స్ మాత్రం సున్నా. ఆన్‌లైన్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి? సిమ్యులేటర్‌లో (బోర్డును కంప్యూటర్‌లోనే అనుకరించే ప్రోగ్రాంలో) నేర్చుకున్నది అసలు బోర్డు మీద పనికొస్తుందా?

జవాబు 1: ముందు టింకర్‌క్యాడ్ సర్క్యూట్స్ చూడండి. ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, కొత్తవాళ్లు ఎక్కువగా వాడే ఆర్డుయినో ఊనో బోర్డు ఉంది. రెసిస్టర్ (కరెంటును తగ్గించే భాగం) లేకుండా ఎల్ఈడీ కలిపితే హెచ్చరిస్తుంది. లెక్క మీరే వేసుకోండి: 5 వోల్టుల్లో ఎర్ర ఎల్ఈడీ దాదాపు 2 తీసుకుంటుంది, మిగిలిన 3ని రెసిస్టర్ విలువ 220 ఓమ్‌లతో భాగిస్తే సుమారు 14 మిల్లీఆంప్స్. ఊనో పిన్ (బోర్డు మీద తీగ కలిపే చోటు) నుంచి 20 మిల్లీఆంప్స్ దాటనివ్వకండి.

జవాబు 2: ఈఎస్‌పీ32, పికో లాంటి వేరే బోర్డులు కావాలంటే వోక్వీ అనే సిమ్యులేటర్ సైట్ చూడండి. కానీ అందులో రెసిస్టర్ లేకపోయినా ఎల్ఈడీ హాయిగా వెలుగుతుంది, కరెంటు విషయంలో దాన్ని నమ్మొద్దు. బటన్ బౌన్స్ (నొక్కినప్పుడు లోపలి రేకులు ఎగిరి పలుమార్లు తగలడం) మాత్రం చూపిస్తుంది: ఒక్కసారి నొక్కితే కౌంటర్ రెండు మూడు పెరగొచ్చు. మార్పు కనబడ్డాక 20–50 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చదవండి. అందుకు డిలే (ఆగమని చెప్పే ఫంక్షన్) వాడితే ఆ కాసేపూ ప్రోగ్రాం మొత్తం ఆగిపోతుంది, మిల్లిస్‌తో (గడిచిన మిల్లీసెకన్లు చెప్పే ఫంక్షన్) రాయండి.

ప్రశ్న అడిగినవారు: బటన్ నొక్కకుండానే విలువ మారుతోందంటారే, అదీ బౌన్సేనా?

జవాబు 3: కాదండీ, అది ఫ్లోటింగ్ పిన్, అంటే దేనికీ స్థిరంగా కలపని పిన్. సిమ్యులేటర్‌లో సరిగ్గా తెలియదు, అసలు బోర్డు మీద చెయ్యి దగ్గరికి తెస్తేనే మారిపోతుంది. బటన్ ఒక కాలు పిన్‌కి, రెండోది గ్రౌండ్‌కి కలిపి, కోడ్‌లో పిన్‌మోడ్ ఫంక్షన్‌కి ఇన్‌పుట్_పుల్అప్ ఇవ్వండి, బటన్ నొక్కనప్పుడు పిన్‌ని హై దగ్గర నిలబెట్టేది అదే. అప్పుడు నొక్కితే లో (0), వదిలితే హై (1) అని చదువుతుంది. బోర్డు వచ్చాక కంప్యూటర్‌లో దాని పోర్ట్ కనబడకపోతే ముందు కేబుల్ మార్చండి, కొన్ని ఛార్జింగ్ కేబుళ్లలో డేటా తీగలే ఉండవు.