అప్‌డేట్: నిధుల విభాగంలో చేరాను

కన్సల్టెన్సీ వదిలి అమెరికాలోనే ఒక ప్రాంతీయ రవాణా ప్రణాళిక సంస్థలో నిధుల విభాగానికి మారవచ్చా అని అడిగినప్పుడు, అదంతా కాగితాల పనేనని పలువురు హెచ్చరించారు. చేరాను. జీతం కొంత తగ్గింది. పని నిజంగానే కాగితాలతోనే, అయినా నాకు విసుగనిపించలేదు.

50,000 జనాభా దాటిన ప్రతి పట్టణ ప్రాంతానికీ ఇటువంటి సంస్థ ఉండాలని ఫెడరల్ చట్టం చెబుతుంది. మేము తయారుచేసే, కనీసం 4 సంవత్సరాల పనుల జాబితాలోకి ఎక్కని రోడ్డుకు ఫెడరల్ నిధులు రావు. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూపకుండా జాబితాలోకి ఎక్కించడానికీ వీల్లేదు. సాధారణంగా ఫెడరల్ వాటా 80 శాతం, మిగిలినది స్థానిక ప్రభుత్వాలది. అయితే ఆ 80 శాతం ముందుగా చేతికి అందదు. ఖర్చుపెట్టి బిల్లులు సమర్పించిన తరువాతే తిరిగి వస్తుంది, చిన్న ఊళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే.

ప్రస్తుతం నా బల్ల మీదున్నది ఒక బడి పక్కన వేయవలసిన ఫుట్‌పాత్ ఫైలు. డ్రాయింగులు సిద్ధం, 20 శాతం భరిస్తామనే కౌన్సిల్ తీర్మానం మాత్రం రాలేదు. సెప్టెంబరు 30తో ఫెడరల్ ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది కనుక, ఆ ఊరి క్లర్కుకు ఫోన్లు చేస్తూనే ఉన్నాను.