తేలికపాటి స్పోర్ట్స్ కారుకు శబ్దం తగ్గించే సైలెన్సర్‌ను ఎంచుకోవడం ఎలా?

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి)

పెద్దలకు నమస్కారం. గోవాలో తయారైన పాత శాన్ స్టార్మ్ కారు ఒకటి నా దగ్గర ఉంది. ఇద్దరు మాత్రమే కూర్చోగల ఫైబర్ బాడీ బండి. ఇంజను రెనో వారిది, 1,149 సీసీ. అంతకుముందున్న యజమాని కంపెనీ సైలెన్సర్‌ను తీయించి, ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా పోయే రంధ్రాల పైపు ఉన్న సన్నని డబ్బాను వేయించారు. మా వీధిలో పిల్లల ఆసుపత్రి ఉంది కనుక తెల్లవారుజామున బండి తీయాలంటే సంకోచంగా ఉంటుంది. జడ్చర్ల దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కి, ఇంజను నిమిషానికి మూడు వేల చుట్ల దగ్గర నిలకడగా నడుస్తున్నప్పుడు కారు లోపల చెవులు దిబ్బడ వేసేంత మోత మొదలవుతుంది. వేగం కాస్త పెంచినా, తగ్గించినా అది చాలావరకు పోతుంది. అసలు సైలెన్సర్ నాకు ఎక్కడా దొరకలేదు. పెద్ద డబ్బా వేస్తే పికప్ పోతుందని ఒక దుకాణంలో చెప్పారు. ఏ రకం తీసుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (నల్లగొండ నుంచి)

తమ్ముడూ, కొత్త డబ్బా కొనే ముందు, ఇప్పుడు వినిపిస్తున్న శబ్దమంతా సైలెన్సర్ నుంచే వస్తున్నదో లేదో తేల్చుకోండి. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి, మందపాటి తొడుగు వేసుకొని, మడిచిన గుడ్డతో వెనుక గొట్టం మూతిని రెండు మూడు క్షణాలు మాత్రమే అదిమి పట్టండి. ఎక్కడైనా లీకు ఉంటే, మ్యానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి వచ్చే పొగను ఒకే పైపులోకి కలిపే భాగం) ప్యాకింగ్ దగ్గరో, పైపుల అతుకుల దగ్గరో బుస్సుమనే శబ్దం వినిపిస్తుంది. ఆ లీకును అలాగే వదిలేస్తే ఎంత మంచి సైలెన్సర్ వేసినా టపటప శబ్దం పోదు. తెగిన రబ్బరు హ్యాంగర్లను, వదులైన రేకు కవచాలను కూడా ఇదే సమయంలో చూడండి.

ఇక రకాల సంగతి. మీ బండికి ఉన్నది శబ్దాన్ని పీల్చుకునే రకం. రంధ్రాల పైపు చుట్టూ కూరిన గ్లాస్‌వూల్ (గాజు దూది), కీచుమనే ఎగువ స్థాయి శబ్దాన్ని బాగానే మింగుతుంది కానీ, గుంయ్‌మనే దిగువ స్థాయి మోతను దాదాపు అలాగే వదిలేస్తుంది. పైగా ఆ దూది ఏళ్లు గడిచేకొద్దీ కాలి, గాలితో పాటు కొట్టుకుపోతుంది. అప్పుడు మిగిలేది ఉత్త రేకు డబ్బా. రెండవ రకంలో డబ్బాను అడ్డుపలకలతో గదులుగా విభజిస్తారు. ఒక గదిలో వెనక్కి మళ్లిన శబ్ద తరంగం ఎదురుగా వచ్చే తరంగాన్ని కొంతవరకు రద్దు చేస్తుంది. దిగువ స్థాయి మోతకు ఇదే మందు. ఒకే డబ్బాలో గదులూ దూదీ రెండూ ఉన్న మిశ్రమ రకం మీకు సరిపోతుందని నా అభిప్రాయం. రోజువారీ కార్లకు కంపెనీలు వేసేవి ఎక్కువగా గదుల రకమో, ఈ మిశ్రమ రకమో అయి ఉంటాయి.

దుకాణంలో బోర్డు మీద ఏమి రాసి ఉన్నా, మీరు చూడవలసిన మొదటి సంగతి డబ్బా ఘనపరిమాణం. ఇంజను సీసీకి సుమారు పది రెట్లు ఉంటే నిశ్శబ్దంగా ఉంటుందన్నది పనివారు పాటించే మోటు లెక్క; మీ ఇంజనుకు అది పదకొండు, పన్నెండు లీటర్లు అవుతుంది. 15 సెంటీమీటర్ల వ్యాసం, 50 సెంటీమీటర్ల పొడవు గల గుండ్రటి డబ్బాలో దాదాపు 8.8 లీటర్లు పడుతుంది. దానికి ముందు, కారు నడుమ భాగంలో, 10 సెంటీమీటర్ల వ్యాసం, 35 సెంటీమీటర్ల పొడవు గల చిన్న రెసొనేటర్ (మోతను తగ్గించే అదనపు డబ్బా) చేరిస్తే మరో 2.7 లీటర్లు కలుస్తాయి. ఒకే పెద్ద డబ్బాకు చోటు లేని చిన్న కారులో ఇలా రెండుగా పంచుకోవడమే మేలు. బరువు కూడా అంతా వెనుక చివరనే వేలాడదు.

పికప్ పోతుందన్న భయం డబ్బా పెద్దదైనందువల్ల కలగవలసింది కాదు. లోపలి దారి ఇరుకైతేనే ఇంజను ఊపిరి ఆడక ఇబ్బంది పడుతుంది. మీ పైపు వ్యాసాన్ని కొలిచి, అంతే వ్యాసం గల ద్వారాలున్న సైలెన్సర్‌నే తీసుకోండి; లావు పైపు వేస్తే శబ్దం పెరగడమే తప్ప ఇంత చిన్న ఇంజనుకు చెప్పుకోదగ్గ లాభం ఉండదు.

మీరు చెప్పిన మూడు వేల చుట్ల మోత మాత్రం వేరుగా ఆలోచించవలసిన విషయం. నాలుగు సిలిండర్ల ఇంజనులో ప్రతి చుట్టుకు రెండు పేలుళ్లు జరుగుతాయి. మూడు వేల చుట్లంటే సెకనుకు యాభై చుట్లు, అంటే నూరు పేలుళ్లు. మీ చెవులను బాధిస్తున్నది ఆ నూరు హెర్ట్జ్ స్వరమే అయి ఉండాలి. పెద్ద డబ్బా వేశాక కూడా అది మిగిలితే, ప్రధాన పైపుకు పక్కన, చివర మూసిన కొమ్మ పైపు ఒకటి అతికించవచ్చు. దాని పొడవు ఆ తరంగం పొడవులో నాలుగో వంతు ఉండాలి. 200 నుంచి 300 డిగ్రీల వేడి పొగలో శబ్దవేగం సెకనుకు సుమారు 435 నుంచి 480 మీటర్లు కనుక, కొమ్మ పొడవు 1.1 నుంచి 1.2 మీటర్ల మధ్య వస్తుంది. దానిని వంచి కారు కింద ఇమడ్చవచ్చు. మొదట కాస్త పొడుగ్గా పెట్టించి, నడిపి చూస్తూ కోయించుకోవడం క్షేమం.

జవాబు (మిర్యాలగూడ నుంచి)

పై అన్నగారు చెప్పినదానికి చట్టం సంగతి చేరుస్తున్నాను. శబ్దాన్ని వీలైనంత తగ్గించే సైలెన్సర్ ప్రతి మోటారు వాహనానికి ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 120వ నియమం చెబుతున్నది. శబ్ద ప్రమాణాలను ఉల్లంఘించి బండి నడిపితే, మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ రెండవ ఉపవిభాగం కింద, 2019 సవరణ తరువాత, మూడు నెలల వరకు జైలు లేదా పది వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. లైసెన్సు కూడా మూడు నెలల పాటు చెల్లకుండా పోతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం, నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన ఆసుపత్రి పరిసరాలలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు పరిమితి 40 డెసిబెల్స్. అది ఆ ప్రాంతపు మొత్తం శబ్దానికి పెట్టిన పరిమితే కానీ మీ ఒక్క బండికి కాదు. అయినా తెల్లవారుజామున బయలుదేరే వారు గుర్తుంచుకోవలసిన అంకె.

తిరుగు ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి)

అన్నా, చాలా కృతజ్ఞతలు. మ్యానిఫోల్డ్ దగ్గర లీకు నిజంగానే ఉంది, ప్యాకింగ్ మార్పిస్తున్నాను. పెద్ద డబ్బా ఫైబర్ బాడీకి దగ్గరగా వస్తే వేడికి ఇబ్బంది ఉంటుందా? ఏ లోహం తీసుకోవాలి? తేడా ఎంత వచ్చిందో ఎలా కొలవాలి?

జవాబు (నల్లగొండ నుంచి)

ఇనుప రేకు తట్టుకున్నంత వేడిని ఫైబర్ తట్టుకోదు. డబ్బాకూ బాడీకీ మధ్య కనీసం మూడు వేళ్ల ఖాళీ ఉంచి, నడుమ అల్యూమినియం కవచం బిగించండి. అలాగని డబ్బాను మరీ కిందికి దించితే మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లకు తగులుతుంది. అందుకే గుండ్రటి దానికన్నా అడ్డంగా వెడల్పుగా ఉండే కోడిగుడ్డు ఆకారపు డబ్బా దొరికితే, లీటర్లు తగ్గకుండా చూసుకొని, అదే తీసుకోండి. చివరి గొట్టం మూతి బంపరు దాటి బయటికి రావాలి. పైకప్పు తీసి నడిపే బండిలో పొగ వెనక్కి తిరిగి లోపలికి వచ్చే ప్రమాదం ఉంది, అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కూడా ఉండదు.

లోహానికి వస్తే, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఖరీదైనా ఎక్కువ కాలం మన్నుతుంది. 409 రకం పైన తుప్పు మరక కనిపించినా లోపల గట్టిగానే ఉంటుంది. ఊరిలోనే తక్కువ దూరాలు తిరిగే బండిలో పొగలోని ఆవిరి నీరై డబ్బాలోనే నిలిచిపోతుంది కనుక, మామూలు ఇనుము లోపలి నుంచి తినేస్తుంది. ఆ నీరు కారిపోయేందుకు డబ్బా అడుగున అన్నిటికన్నా పల్లపు చోట రెండు మిల్లీమీటర్ల చిన్న రంధ్రం ఉందో లేదో చూసుకోండి.

కొలతకు ఫోనులోని యాప్ చాలు. దాని అంకెను నిజమైన డెసిబెల్స్‌గా నమ్మకండి, మునుపటికీ ఇప్పటికీ తేడా మాత్రం చూడండి. గొట్టం మూతికి 50 సెంటీమీటర్ల దూరంలో, మూతి ఎత్తులోనే, పొగ వచ్చే దిశకు 45 డిగ్రీల పక్కగా ఫోను పెట్టి, బండి నిలిపి, ఇంజనును 3,750 చుట్ల దగ్గర ఉంచి చదవండి. పాత సైలెన్సర్‌తో, ప్యాకింగ్ మార్చిన తరువాత ఒకసారి కొలిచి రాసుకొని, ఆ తరువాతే కొత్తది వేయించండి. లేకపోతే తగ్గినదానిలో లీకు వాటా ఎంతో, డబ్బా వాటా ఎంతో తెలియదు. పది డెసిబెల్స్ తగ్గితే చెవికి శబ్దం సగమైనట్లు అనిపిస్తుంది. మొదట వెల్డింగ్ చేయించకుండా క్లాంపులతోనే బిగించి, జడ్చర్ల దాకా ఒకసారి నడిపి, బాగా వేడెక్కి చల్లారాక బోల్టులు మళ్లీ బిగించండి. మూడు వేల చుట్ల మోత సంగతి అప్పుడు తేలిపోతుంది; కొమ్మ పైపు అవసరమో కాదో చూసుకొని, వెల్డింగ్ ఆ తరువాత చేయించండి.