తినారివెన్ గిటార్ శైలిని నేర్చుకోవడానికి సలహా కావాలి

నమస్కారం. సహారా ఎడారిలోని తువారెగ్ అనే జాతికి చెందిన బృందం తినారివెన్ సంగీతాన్ని గిటార్‌పై అభ్యసించాలని నాకు గాఢమైన కోరిక. మాలీలో 1963 తిరుగుబాటు కాలంలో తండ్రిని కోల్పోయి, రేకు డబ్బా, కర్ర, సైకిల్ బ్రేకు తీగలతో తొలి గిటార్‌ను తానే తయారు చేసుకున్న ఇబ్రహీం అగ్ అల్‌హబీబ్, 1970ల చివర్లో అల్జీరియాలోని తమన్‌రాసెత్‌లో మిత్రులతో కలిసి ఈ బృందానికి నాంది పలికారు. చాలా ఏళ్లు క్యాసెట్ల ద్వారానే ఎడారి అంతటా వ్యాపించిన వీరి పాటలు 2001 తరువాత బయటి ప్రపంచానికి చేరాయి. ‘తస్సిలి’ ఆల్బమ్‌కు 2012లో గ్రామీ లభించింది.

మంద్ర తీగను బొటనవేలితో ఆగకుండా మోగిస్తూనే పై తీగలపై స్వరాలు పలికించే పద్ధతి నాకు పట్టుబడడం లేదు, ముఖ్యంగా చప్పట్ల లయ వేరే చోట పడినప్పుడు. సాధన ప్రారంభించడానికి, గిటార్ నాదం స్పష్టంగా వినిపించే అకూస్టిక్ ‘తస్సిలి’ మేలా, లేక కాలిఫోర్నియా ఎడారిలో రికార్డు చేసిన ‘ఎమ్మార్’ మేలా? నాకైతే మొదటిదే సరైనదనిపిస్తోంది. తువారెగ్‌ల భాష తమాషెక్‌లో ఉన్న వీరి పాటల సాహిత్యానికి నమ్మదగిన అనువాదాలు ఎక్కడ దొరుకుతాయో కూడా, తెలిసినవారు దయచేసి చెప్పగలరు.