చిన్న బోటుకు మెరైన్ రేడియో, యాంటెన్నా ఏది పెట్టాలె?

ప్రశ్న: అన్నా నమస్తే, మాది హన్మకొండ, బండ్ల వైరింగ్ పని చేస్త. కాకినాడల మా బామ్మర్ది చిన్న ఫైబర్ బోటు తీస్కుండు, రేడియో నువ్వే బిగియ్యాలె బావా అంటుండు. 25 వాట్ల ఫిక్స్‌డ్ సెట్ పెట్టాల్నా, 5 వాట్ల చేతి సెట్ సరిపోతదా?

జవాబు 1: తమ్మీ, వాట్లకన్న ముందు యాంటెన్నా ఎత్తు చూడు. ఈ సెట్లు వాడే వీహెచ్‌ఎఫ్ రేడియో తరంగం దాదాపు సీదా పోతది, సముద్రం వంపు అడ్డమొస్తే ఎన్ని వాట్లున్నా లాభం లేదు. చిన్న బోటు ఊగుతనే ఉంటది కాబట్టి 6 డీబీ యాంటెన్నా వద్దు (డీబీ అంటే సిగ్నల్‌ను ఎంత కూడగట్టి పంపుతదో చెప్పే లెక్క), దాని సిగ్నల్ సన్నగుంటది, బోటు ఒరిగితే ఆకాశంలకో నీళ్లలకో పోతది, 3 డీబీ మంచిది. సెట్ 25 వాట్లదే పెట్టు, చేతి సెట్ విడిగ ఉంచుకొమ్మను, బ్యాటరీ మునిగిననాడు అదే దిక్కు.

జవాబు 2: 25 వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు 5, 6 ఆంప్స్ గుంజుతది, సన్న వైరు వద్దు, బ్యాటరీ కాడ ఫ్యూజ్ పెట్టి డైరెక్ట్ లాగు. యాంటెన్నా కేబుల్ రకాలల్ల ఆర్‌జీ-58 కన్న ఆర్‌జీ-8ఎక్స్ నయం. కనెక్టర్ మీద సెల్ఫ్ ఫ్యూజింగ్ టేప్ (తనకు తానే అతుక్కునేది) సాగదీసి చుట్టు, లేకుంటే ఉప్పునీళ్లు దిగి లోపలి రాగి జాలీ నల్లబడుతది. యాంటెన్నా తగిలియ్యకుండ మైకు బటన్ అస్సలు నొక్కకు, సెట్ కాలుతది.

జవాబు 3: లైసెన్సు సంగతి ఎవ్వరు చెప్తలేరు, కేంద్ర టెలికాం శాఖల వైర్‌లెస్ లైసెన్సులు చూసే డబ్ల్యూపీసీ విభాగపోళ్లను అడుగుండ్రి. ఆపదకు ఛానెల్ 16, అంటే 156.8 మెగాహెర్ట్జ్, దాని మీద ముచ్చట్లు పెట్టొద్దని బామ్మర్దికి గట్టిగ చెప్పు.