‘షోఅలీన్ వెదోర్షీన్’: పస్కాకు ముందు ముప్పై రోజులు

ప్రశ్న: యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తల్ముద్‌లో, పస్కా పండగ గురించిన పెసహీమ్ భాగం 6ఎ పుటలో ‘షోఅలీన్ వెదోర్షీన్ బెహిల్ఖోత్ హపెసహ్ కోదెమ్ హపెసహ్ షెలోషీమ్ యోమ్’ అని ఉంది. ‘పండగకు 30 రోజుల ముందు నుంచి పస్కా నియమాలు చర్చిస్తారు’ అని తెలుగు చేస్తే సరిపోతుందా?

జవాబు: ‘చర్చిస్తారు’ వద్దండి. అక్కడ క్రియలు రెండు, రెండూ నిలవాలి. షోఅలీన్ అంటే అడుగుతారు, దోర్షీన్ అంటే విప్పి చెబుతారు. మిద్రాష్ (లేఖన వ్యాఖ్యానం), దెరాషా (ప్రసంగం) కూడా దోర్షీన్ ధాతువులోంచి వచ్చినవే. కర్త లేదు, చేర్చకండి. ‘అంటారు, పెడతారు’ అని మనమూ కర్త లేకుండానే మాట్లాడతాం. ‘అడుగుతారు’ పోతే అసలుకే నష్టం. 14వ శతాబ్దపు స్పెయిన్ పండితుడు రబ్బేను నిస్సీమ్ ఈ వాక్యాన్ని దాని మీదే నిలబెట్టాడు. ఇద్దరు ఒకేసారి ప్రశ్న వేస్తే, సందర్భానికి తగింది అడిగినవాడికి ముందు జవాబు చెప్పాలి. ఈ 30 రోజుల్లో పస్కా గురించి అడిగినవాడిది సందర్భోచితమైన ప్రశ్నే అంటాడాయన.

మరో జవాబు: 30కి ఆధారం సంఖ్యాకాండం 9. మోషే మొదటి పస్కా వేళే, అది చేయలేకపోయినవాళ్లకు నెల తర్వాత వచ్చే రెండో పస్కా నియమాలు చెప్పాడు. తల్ముద్‌లో అక్కడే రబ్బాన్ షిమోన్ బెన్ గమ్లియేల్ అనే పండితుడు రెండు వారాలు చాలన్నాడు గానీ యూదుల నియమ సంగ్రహం షుల్హాన్ ఆరూఖ్ (ఓరహ్ హయీమ్ భాగం 429) 30 రోజులే తీసుకుంది. అదార్ నెల 14న వచ్చే పూరీమ్ పండగను కలిపి లెక్కపెట్టాలి: అదార్ 14 నుంచి 29 దాకా 16, తర్వాతి నెల నీసాన్‌లో 14. మర్నాటి నుంచి మొదలుపెడితే ఒకరోజు తగ్గుతుంది.

అన్నట్టు, చదువు వరస కూడా చూడాలి. చాలామంది సెదర్ (పస్కా తొలి రాత్రి విందు) వేళ చదివే హగ్గదా పుస్తకంతో మొదలుపెడతారు. ముందు వంటపాత్రల నియమాలు చదవాలి. మరిగే నీళ్లలో ముంచి శుద్ధిచేసే (హగాలా) గిన్నెను అంతకుముందు 24 గంటలు వాడకూడదు. ఈ సంగతి పస్కా ముందురోజు, నీసాన్ 14 పొద్దున తెలిస్తే, రాత్రి వండిన గిన్నె ఇక పండక్కి అందదు. మట్టికుండకైతే హగాలా పనికిరాదు. ఆ రోజు హమేత్స్ (పస్కాలో నిషిద్ధమైన పులిసిన ధాన్యపు తిండి) తినడం పగటి నాలుగో గంట చివరికి ఆపాలి, ఐదో గంట చివరిలోగా కాల్చెయ్యాలి. ఆ గంట గడియారం గంట కాదు, పగటిలో పన్నెండో వంతు. గడియారం చూసి కూర్చుంటే వేళ తప్పుతుంది.

ప్రశ్న: హమేత్స్‌ను ‘పులిసినది’ అనొచ్చా? అలాగైతే ఇడ్లీపిండి, పెరుగు?

జవాబు: అనొచ్చు, పక్కనే ‘ఐదు ధాన్యాల్లో’ అని చేర్చాలి: గోధుమ, బార్లీ, స్పెల్ట్, ఓట్స్, రై. బియ్యం పిండి నానితే హిమ్మూత్స్ (పులియడం) కాదు, సిర్హోన్ (చెడిపోవడం) అని పెసహీమ్ 35ఎ స్పష్టంగా విడదీసింది. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలోని బెనె ఎఫ్రయీమ్ లాంటి తెలుగు యూదులకు ఇది వంటింటి ప్రశ్న. ఇడ్లీపిండి ఎంత పులిసినా హమేత్స్ కాదు, పెరుగూ కాదు. బియ్యం, మినుములు కిత్నియోత్ (ఆ ఐదు ధాన్యాల్లో లేని గింజలు, పప్పులు) కిందికి వస్తాయి: అష్కెనాజీలు (మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదులు) ఆచారంగా మానేస్తారు, సెఫార్దీల్లో (స్పెయిన్ మూలాల యూదుల్లో) చాలామంది తింటారు. ఆ బియ్యంలో గోధుమగింజలు కలిశాయేమోనని ముందు ఏరి చూసుకుంటారు.