సెఫిరాత్‌కి పిచ్చా, పొగరా?

ఉక్కునగరం_77:
నిన్న తమ్ముడి చేత ఫైనల్ ఫాంటసీ 7 వీడియో గేమ్ ఆడించాను, 1997 నాటి అసలు గేమే. విలన్ సెఫిరాత్ నిబెల్‌హైమ్ అనే ఊరిని తగలబెట్టే సీన్ రాగానే "పాపం అన్నా, వీడికి పిచ్చెక్కింది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. షిన్రా కంపెనీ వాళ్ల భవనం కింద లైబ్రరీలో రోజుల తరబడి కూర్చుని, పుస్తకాలన్నీ తిరగేసి, తాను సెట్రా అనే ప్రాచీన జాతి వారసుణ్ణని తేల్చుకున్నాడు. తన తల్లి అనుకున్న జెనోవా ఆ జాతే కాదు, ఆకాశం నుంచి ఊడిపడ్డ పీడ. అంటే లెక్క తప్పింది. లెక్క తప్పినవాళ్లంతా పిచ్చివాళ్లేనా?

తిరగమోత:
తల్లి కడుపులో ఉండగానే జెనోవా కణాలు ఎక్కించారు. చేసింది కన్నతండ్రి, షిన్రా సైంటిస్టు హోజో. తల్లి పేరే జెనోవా అని చెప్పి పెంచారు. దీన్ని మీరు లెక్క తప్పడం అంటున్నారు, బాగుంది.

గాజువాక_గేమర్:
మనసు సంగతి మీరు చూసుకోండి. నాది మంత్రం గురించి ఒకటే ప్రశ్న. చివరి పోరులో సెఫిరాత్ సూపర్‌నోవా అనే మంత్రం వేస్తాడు, దాదాపు 2 నిమిషాల సినిమా, గ్రహాలు పేలతాయి, సూర్యుడు ఉబ్బిపోతాడు. తీరా చూస్తే మన ప్రాణంలో 16 వంతుల్లో 15 పోయి ఒక వంతు మిగులుతుంది. ఎన్నిసార్లు వేసినా అది మనల్ని చంపలేదు. ఏం మాంత్రికుడండీ వీడు?

మురీమిక్చర్:
మొదలెట్టాడ్రా బాబూ.

ఉక్కునగరం_77:
ఫ్లాష్‌బ్యాక్‌లో డ్రాగన్‌తో పోరు చూడండి. హీరో క్లౌడ్ ఒక్క దెబ్బకి పడిపోతాడు, సెఫిరాత్‌కి తగిలేది సున్నా. అతణ్ణి మనం ఆడించలేం కూడా, తనే కొడతాడు, పడిన క్లౌడ్‌ని తనే లేపుతాడు. మెటీరియా అనే మంత్రపు గోళీల్లో ఉన్నది ప్రాచీనుల జ్ఞానం అని మేష్టారిలా వివరిస్తాడు. అంత నిబ్బరమున్న మనిషి.

తిరగమోత:
ఆ కథ చెబుతున్నది ఎవరు? క్లౌడ్. అతని జ్ఞాపకాల్లో సగం స్నేహితుడు జాక్‌వని తర్వాత తేలుతుంది కదా. సాక్షే గట్టివాడు కాదు. పైగా దీనికి ముందు కథగా 2007లో వచ్చిన క్రైసిస్ కోర్ గేమ్ ప్రకారం, నిబెల్‌హైమ్‌కి వెళ్లేనాటికే సెఫిరాత్ నేస్తం ఏంజీల్ బతికి లేడు, ఇంకో నేస్తం జెనెసిస్ ఎదురొచ్చి మొహం మీదే నువ్వో రాక్షసుడివి అంటాడు.

ఉక్కునగరం_77:
పదేళ్ల తర్వాత అతికించినవి నేను లెక్కలోకి తీసుకోను.

గాజువాక_గేమర్:
సూపర్‌నోవా పడితే 9999 ప్రాణంలో దాదాపు 625 మిగులుతుంది. ఎవరైనా మాట్లాడండి.

ఉక్కునగరం_77:
సరే, చెబుతా. కాగితాలు చదివి కుప్పకూలింది సెఫిరాత్ ఒక్కడే కాదు. 22 ఏళ్లప్పుడు రేషన్ కార్డు జిరాక్స్ కోసం బీరువా వెతుకుతుంటే నా దత్తత పత్రం దొరికింది. మడతల దగ్గర చిరిగిన స్టాంపు పేపరు. ఆ రాత్రి తెల్లారేదాకా ఆర్కే బీచ్‌లో కూర్చున్నాను. పొద్దున్నే ఇంటికొచ్చి అమ్మ పెట్టిన ఉప్మా తిన్నాను. ఊరు తగలబెట్టలేదు.

తిరగమోత:
మీకు ఉప్మా పెట్టడానికి అమ్మ ఉంది. వాడికి గాజు తొట్టిలో జెనోవా ఉంది.

మురీమిక్చర్:
అబ్బా.

తిరగమోత:
నేనూ చెబుతా. మా అన్నయ్య విషయంలో నాలుగేళ్లు ఇదే విన్నాం. పొగరు, నాటకాలు, నాలుగు తగిలిస్తే దారికొస్తాడు అని. చెప్పింది బయటివాళ్లు కాదు, మా బాబాయిలే. చివరికి డాక్టర్‌కి చూపిస్తే జబ్బుకి పేరుంది, మందుంది. మీ టైటిల్‌లో ఆ రెండు మాటలు పక్కపక్కన చూడగానే చెయ్యి ఊరుకోలేదు.

ఉక్కునగరం_77:
మీ అన్నయ్య ఎవరి జోలికైనా వెళ్లారా? లేదు కదా. మరి పిచ్చెక్కితే మనుషులు ఊళ్లు తగలబెడతారని అంటున్నది మీరండీ, నేను కాదు. నేను వాణ్ణి పొగరుబోతు అంటున్నది అందుకే. ఆ పాపం జబ్బు మీదికి తొయ్యకండి.

తిరగమోత:
అంటే జబ్బున్నవాడు బుద్ధిగా ఉంటేనే అది జబ్బని ఒప్పుకుంటారా?

గాజువాక_గేమర్:
నా 16 వంతుల సంగతి ఏమైంది?

ఉక్కునగరం_77:
గాజువాక తమ్ముడూ, హార్ట్‌లెస్ ఏంజెల్ అనే దెబ్బ ఒకటుంది, అది పడితే ప్రాణం 1కి దిగిపోతుంది. అదీ చంపదు. కానీ ఆ వెంటనే ఏది తగిలినా అయిపోయినట్టే. ముందు ప్రాణం నింపే మందు వాడుకో.

తిరగమోత:
వాడికి జవాబు చెప్పారు. నాకు చెప్పలేదు.