మ్యాప్‌లో ఫేజ్ 3, ఫేజ్ 4 అని రంగులేస్తారే, ఆ లెక్క ఎవరికైనా తెలుసా?

బెజవాడ_బుల్లోడు:
అందరికీ నమస్తే. ఎమ్మెస్‌డబ్ల్యూ రెండో ఏడు, ఊరు విజయవాడ. సెమినార్‌కి ఆకలి తీవ్రత మ్యాప్‌ల టాపిక్ తగిలింది. ఐపీసీ అనగానే పీనల్ కోడ్ సెక్షన్లేమో అనుకున్నా, నవ్వకండి. చదివితే తెలిసింది, ఇది ఇంటిగ్రేటెడ్ ఫుడ్ సెక్యూరిటీ ఫేజ్ క్లాసిఫికేషన్ అంట, అంటే ఏ ప్రాంతంలో ఆకలి ఎంత తీవ్రంగా ఉందో చెప్పే కొలమానం, 2004లో సొమాలియాలో మొదలైందంట, 1 నుంచి 5 దాకా ఫేజులు, 3 అంటే సంక్షోభం, 4 ఎమర్జెన్సీ, 5 కరువు. ఇక్కడిదాకా ఓకే. డౌట్ ఏంటంటే ఒక జిల్లాలో ఫేజ్ 5లో 5 శాతం, ఫేజ్ 4లో 17 శాతం జనం ఉంటే జిల్లా మొత్తానికీ 4 రంగు వేసేస్తారంట, మరి మిగతా 78 శాతం సంగతేంటి? పైగా 5లో జనం ఉన్నా కరువు అని ఎందుకు అనరు? మేడంని అడిగితే రూల్ రాసెయ్ చాలు అన్నారు. ఎల్లుండే ప్రజెంటేషన్, ప్లీజ్.

కృష్ణలంక_అక్క:
తమ్ముడూ, సర్వేల్లో తిరిగిన దాన్ని కాబట్టి చెప్తున్నా. కిందనుంచి కాదు, పైనుంచి కూడుకుంటూ రావాలి. 5లో 5, దానికి 4లో ఉన్న 17 కలిపితే 22, ఎక్కడ 20 శాతానికి చేరితే అదే ఏరియా ఫేజ్. రంగు చూసి జిల్లా అంతా అలాగే ఉందనుకోకూడదు, పక్కన జనం లెక్క వేస్తారు చూడు, అసలు చదవాల్సింది అది. చిన్న జిల్లా ముదురు ఎరుపులో (ఫేజ్ 5) ఉండొచ్చు, పక్కన పెద్ద జిల్లా నారింజలోనే (ఫేజ్ 3) ఉన్నా అక్కడ సాయం కావాల్సినవాళ్లు పదింతలు ఉండొచ్చు. ఇంకోటి, ఇప్పటికే బియ్యం అందుతున్న చోట ఆ సాయం వల్లే 3లో ఆగి ఉండొచ్చు, తగ్గింది కదా అని లారీలు ఆపేస్తే మళ్లీ 4.

కరువు అనాలంటే తిండి ఒక్కటే చాలదు. 20 శాతం ఇళ్లలో తిండి దాదాపు లేని పరిస్థితి ఉండాలి, అయిదేళ్లలోపు పిల్లల్లో 30 శాతం మంది బాగా చిక్కిపోయి ఉండాలి, ఆకలి వల్ల, దాంతో వచ్చే జబ్బుల వల్ల పదివేల మందికి రోజుకి ఇద్దరు చొప్పున చనిపోతుండాలి.

బెజవాడ_బుల్లోడు:
అంటే జనం చచ్చాకే కరువు అంటారా అక్కా??

కృష్ణలంక_అక్క:
అందుకే ఆ మాట కోసం కూర్చోకూడదు. సొమాలియాలో 2011 జులైలో కరువు అని ప్రకటించారు, మొత్తం పోయింది దాదాపు 2,58,000 మంది అని తర్వాత తేలింది, అందులో సగం దాకా ఆ ప్రకటన రాకముందే. ఫేజ్ 3 నుంచే అర్జెంట్ సాయం కావాలని చార్టులోనే ఉంటుంది, కానీ పేపర్లో హెడ్డింగ్ 5కే వస్తుంది, డబ్బులు కూడా హెడ్డింగ్ చూసే కదులుతాయి. నాకైతే దాని మీదే కోపం.

గుంటూరు_రిటైర్డ్:
బాబూ, ఇది కొత్తదేం కాదు. మా గుంటూరు వైపు 1832-33లో నందన కరువు వచ్చింది, జిల్లాలో అయిదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారంటారు, దాన్నే డొక్కల కరువు అనేవాళ్లు మా తాతలు. ఆ తర్వాతే బెజవాడ ఆనకట్ట. 1880 కరువు కమిషన్ తర్వాత తెల్లవాళ్లు ఫామిన్ కోడ్ (కరువు వస్తే ఏం చెయ్యాలో చెప్పే రూల్స్) రాసి, కొరతకి దగ్గర, కొరత, కరువు అని మూడు మెట్లు పెట్టారు. కొలత ఎలాగంటే తక్కువ కూలికి కంకర కొట్టే పని పెట్టి ఎంతమంది వస్తారో చూసేవాళ్లు. డొక్క ఎండినవాడితో రాళ్లు కొట్టించి అంచనా అన్నమాట. దాంతో పోలిస్తే మీ సర్వే ప్రశ్నలే నయం.

సింగ్‌నగర్_సిద్ధు:
మరి 2024 సెప్టెంబర్‌లో బుడమేరు మునిగినప్పుడు మాది ఏ ఫేజో చెప్పండి 😅 మేడ మీద రెండు రోజులు బిస్కెట్లే, పైన డ్రోన్లు తిరుగుతుంటే పొట్లం మన డాబా మీద పడుద్దా పక్కింట్లో పడుద్దా అని చూడ్డం.

కృష్ణలంక_అక్క:
మన దేశంలో ఐపీసీ చెయ్యరు సిద్ధూ, అంకె వెయ్యలేను. నీళ్లు తగ్గాక అక్కడే ఒకింట్లో సర్వే ప్రశ్నలు ప్రాక్టీస్‌కి అడిగా, గడిచిన ఏడు రోజుల్లో తిండికి ఇబ్బందై ఎన్ని రోజులు ఎలా సర్దుకున్నారో లెక్క, రోజుకో మార్కు, గడ్డు పద్ధతికి ఎక్కువ. ఆవిడ "తింటున్నామమ్మా" అనే అంది. విడివిడిగా అడిగితే, అయిదు రోజులు చౌక తిండితో సరిపెట్టారు, 5. రెండు రోజులు అప్పు తెచ్చారు, దానికి రెట్టింపు, 4. మూడు రోజులు తలా కొంచెం తగ్గించి వడ్డించింది, 3. పిల్లలకి పెట్టి తను తగ్గించుకుంది ఎన్ని రోజులంటే గిన్నె తోముతూ మూడు వేళ్లు చూపించింది, దానికి మూడింతలు, 9. మొత్తం 21. 19 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆ ఒక్క కొలత ప్రకారం ఫేజ్ 3 ఆ పైన. ఒక్క దాంతో తేల్చరులే, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టారా, ఆటో అమ్ముకున్నారా, పిల్లాడి జబ్బకి టేప్ చుడితే 12.5 సెంటీమీటర్ల లోపు వచ్చిందా, అన్నీ దగ్గర పెట్టుకుని నిపుణులు కూర్చుని వాదించుకుంటారు.

బెజవాడ_బుల్లోడు:
అక్కా ఆ 21 లెక్క స్లైడ్‌లో పెట్టుకోనా? ఇల్లు ఎక్కడో రాయను.

కృష్ణలంక_అక్క:
పెట్టుకో. ఆ మూడు వేళ్ల సంగతి కూడా చెప్పు.